అరవై ఆరో నంబరు బండి

"నా కుర్చీలో దిండు ఎవరు మార్చారు?"

అత్తగారి గొంతులో ప్రశ్న లేదు. దొంగెవరో తెలిసిపోయాక అడిగే పోలీసు గొంతు అది. వంటింట్లో బంగాళాదుంప ముక్కలు ఉడికించి నీళ్ళు వార్చేస్తున్న కోడలు, గిన్నె పక్కన పెట్టి ముందుగదిలోకి వచ్చింది.

"దిండు అదే అత్తయ్యా. ఉతికి గలీబు మార్చానంతే."

"గలీబు మారిస్తే ఎత్తు తగ్గుతుందా? నీ కళ్ళకి తెలియకపోవచ్చు, నా మోకాళ్ళకి తెలుస్తుంది."

"ఉతికితే దూది కాస్త అణిగింది. అదే సర్దుకుంటుంది."

"సర్దుకోవాల్సింది దూదా, నేనా?"

"మాసిందని నిన్న మీరే కదా అన్నారు?"

"మాసిందన్నాను. ఉతకమన్నానా?"

కాలేజీకి బయల్దేరుతున్న మనవరాలు చెప్పులు వెతుక్కుంటూ ఆగింది. ఇంట్లో ఎక్కడ మాట లేచినా అక్కడ చేరి రొద పెడుతుందని ఆ పిల్లకి నాన్నమ్మే కందిరీగ అని పేరు పెట్టారు. "అమ్మా, సింహాసనం జోలికి వెళ్ళొద్దని నీకెన్నిసార్లు చెప్పాలి? రాజ్యం అల్లకల్లోలం అయిపోతుంది," అంది.

"నువ్వు వెళ్ళవే. అక్కడ నీకోసం పాఠాలు ఆపేసి కూర్చున్నారు," అన్నారు అత్తగారు.

కోడలు పాత దుప్పటి ఒకటి నాలుగు మడతలు పెట్టి దిండు కింద దూర్చింది. అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని ఒకసారి లేచారు, మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ లేచారు. "ఇప్పుడు సరిపోయింది," అన్నారు, కోడలిని మన్నించినట్టుగా.

పైకి చూసేవాళ్ళకి అది దిండు గొడవే. ఆ ఇంట్లో అందరికీ అసలు సంగతి తెలుసు. అత్తగారి మోకాళ్ళు వంగడం మానేసి చాలా కాలమైంది. ఇంట్లో ఉన్న కుర్చీలూ మంచాలూ సోఫాలన్నిట్లో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆవిడ లేవగలిగేది ఆ చేతుల కుర్చీ మీంచే. అది బెత్తెడు కిందికి దిగితే ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి లేపాలి. అలా లేపించుకున్న రోజున ఆవిడ ఎవరితోనూ మాట్లాడరు.

కోడలు కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చి నేల మీద కూర్చుంది. నేల దగ్గర నుంచి దిండు పైభాగం దాకా కొలిచి, టేపు మీద ఆ చోట ఎర్రదారంతో ముడి వేసింది.

"ఏమిటే అది? నన్ను మోసుకెళ్ళడానికి కొలతలా?"

"కారు కొనడానికి అత్తయ్యా. సీటు ఇంత ఎత్తు ఉండాలి. మధ్యాహ్నం వేలంపాట."

"పిల్లకి జోలపాట పాడమంటే రేడియో పెట్టినదానివి. నువ్వు నలుగురిలో వేలంపాట పాడతావా?"

"పాడక తప్పుతుందా?"

అత్తగారు కిటికీ వైపు తిరిగి, "మొన్న వెళ్ళలేదు. ఏమైంది? బాగానే ఉన్నాగా," అన్నారు.

కోడలు చెయ్యి చాపి ఆవిడ ఉబ్బిన పాదం మీద వేలితో మెల్లగా నొక్కింది. వేలు తీసేసినా గుంట అలాగే ఉండిపోయింది. ఇద్దరూ దాన్ని చూశారు. అత్తగారు చీర కుచ్చిళ్ళు పాదం మీదికి లాక్కున్నారు.

మూత్రపిండాలు పనిచెయ్యని మనిషికి వారానికి మూడుసార్లు యంత్రం మీద రక్తం శుభ్రం చెయ్యాలి. డయాలసిస్ కేంద్రం ఊరికి ఆ చివర. ఇంతకాలం పక్కవీధి కారతను తీసుకెళ్ళేవాడు. అతని కారు ఎత్తుగా ఉండేది, అతను నిదానంగా ఉండేవాడు. పోయిన నెల కారు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. తర్వాత పిలిచిన కార్లన్నీ నేలకి కరుచుకున్నట్టు ఉండేవే. ఎక్కించడం ఒక ఎత్తు, దించడం ఇంకో ఎత్తు. చివరిసారి నడిరోడ్డు మీద, వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతుంటే, సగం లేచిన అత్తగారు జారి కారు తలుపుకీ సీటుకీ మధ్య ఇరుక్కుపోయారు. డ్రైవరు, "త్వరగా కానివ్వండమ్మా," అంటూ ఇంజను ఆపకుండానే కూర్చున్నాడు. ఎవరో కుర్రాళ్ళు వచ్చి లాగారు. చీర పక్కకి తొలగింది. ఆ రోజు నుంచి ఆవిడ "ఇవాళ ఒంట్లో బాగోలేదు, రాను," అనడం మొదలుపెట్టారు. ఒంట్లో బాగోనివాళ్ళు వెళ్ళే చోటికి వెళ్ళకపోవడానికి అదే కారణం.

కేంద్రంలో నర్సు ఫోనులో ఒక్కటే మాట చెప్పింది. "ఒకటి తప్పించారు, సరే. ఇంకొకటి తప్పనివ్వకండి. గుండె మీదికి వస్తుంది." ఆ ఇంకొకటి రేపు సాయంత్రమే.

కొత్త కారు మాట తలుచుకునే స్థితి లేదు. పాత కార్లు అమ్మే దుకాణాల్లో ధరలు వింటే కొత్త కార్లే నయమనిపించింది. ప్రెస్సులో ఫోర్‌మన్‌గా చేస్తున్న భర్తకి ఎవరో చెప్పారు, అప్పు కట్టలేదని స్వాధీనం చేసుకున్న బళ్ళూ కంపెనీలు వదిలించుకునే బళ్ళూ వేలంలో సగానికి సగం ధరకే వస్తాయని. ఇద్దరిలో ఒక్కరూ ఏనాడూ వేలం మొహం చూసినవాళ్ళు కాదు. కారు నడపబోయేది కోడలే. కాలేజీ రోజుల్లో సరదాకి నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. ఆ సంగతి విన్నప్పుడు అత్తగారు, "నువ్వు నడిపితే అంత దూరం పోనక్కర్లేదులే, సందు చివరే తేలిపోతుంది," అన్నారు.

*

వేలం జరిగే చోటు ఊరి శివార్లలో, తుప్పు పట్టిన రేకుల ప్రహరీ లోపల ఉంది. బళ్ళు వరసలు వరసలుగా నిలబెట్టి ఉన్నాయి. ముందు అద్దాల మీద తెల్లరంగుతో నంబర్లు రాశారు. కొన్నిటి చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. ఒక కారు వెనక సీట్లో చిన్నపిల్లల బూటు ఒకటే పడి ఉంది. కోడలు చటుక్కున చూపు తిప్పేసుకుంది.

తాళాల గుత్తి మెడలో వేసుకున్న మనిషి వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెబుతున్నాడు. "స్టార్ట్ చేసి వినిపిస్తాం. నడపనివ్వం. ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు. రేపొచ్చి హారన్ మోగట్లేదు, అద్దం దిగట్లేదు అంటే కుదరదు."

"ఏమంటున్నాడు?" అన్నాడు భర్త. ఏళ్ళ తరబడి అచ్చు యంత్రాల మధ్య నిలబడి అతని కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి సగం, విని సగం లాక్కొస్తాడు.

"ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలట. తర్వాత నోరెత్తకూడదట."

"మన పెళ్ళిలాగా."

"మిమ్మల్ని తీసుకున్నప్పుడు చెవులు పనిచేసేవి."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ రోజుకి వాళ్ళు నవ్వింది అంతే.

ఆమె తలుపు తెరిచిన ప్రతి కారులో టేపు దింపి, ఎర్రముడి సీటుకి ఎంత పైన నిలుస్తుందో చూస్తూ పోయింది. నల్ల కళ్ళద్దాల వ్యాపారి ఒకడు తన మనుషులతో కలిసి బళ్ళు చూస్తున్నాడు. వేలానికి రోజూ వచ్చేవాడని అతను నడిచే తీరే చెబుతోంది. "ఇంజను చూసేవాళ్ళని చూశా, టైర్లు చూసేవాళ్ళని చూశా. సీటు కొలిచేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానమ్మా. గలీబులు కుడతారా?" అన్నాడు. వాడి మనుషులు నవ్వారు.

"కుడతాను. మీకేమైనా కావాలా?" అంది ఆమె, టేపు చుట్టుకుంటూ.

ఒకచోట కిటికీల్లేని పొడుగాటి తెల్ల వ్యాను ఉంది. మూతబడిన బేకరీదట. పక్కన రొట్టె బొమ్మ సగం గీకేసి ఉంది. అద్దం మీద ఇరవై ఆరు. తెల్లటిదేదైనా అంబులెన్సులా పనికొస్తుందేమో అన్న ఆశతో జారుడు తలుపు లాగి లోపలికి తొంగి చూసింది. సీట్లే లేవు. ఖాళీ పెట్టె. ట్రేలు ఎక్కించే రేకు పలక ఒకటి గడప దగ్గరే పడి ఉండి, ఆమె మోకాలి కింద కొట్టుకుంది. మాడిన చక్కెర వాసన. ఛీ అనుకుని తలుపు మూసేసింది.

చివరి వరసలో కనిపించింది. బూడిదరంగు, ఎత్తయిన కారు. ఎడమ పక్క ఒక సొట్ట. టేపు దింపితే ఎర్రముడి సరిగ్గా సీటు అంచు మీద, వేలితో పెట్టినట్టు ఆగింది. తలుపు బారుగా తెరుచుకుంది. పైన పట్టుకోవడానికి పిడి కూడా ఉంది. ఆమె తనే అత్తగారయినట్టు మోకాళ్ళు వంచకుండా వెనక్కి కూర్చుని, పిడి పట్టుకుని లేచి చూసింది. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచింది. తాళాల మనిషి వింతగా చూస్తూనే ఇంజను స్టార్ట్ చేశాడు. చెవులతో పనిలేని భర్త అరచెయ్యి బానెట్ మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ప్రెస్సులో యంత్రాల జబ్బు అతను కనిపెట్టేది అలాగే.

"మంచిదే. కొంచెం వణుకుతోంది, కానీ మంచిదే," అన్నాడు.

అద్దం మీద నంబరు అరవై ఆరు. ఆమె దాన్ని మంత్రంలా లోపల అనుకుంటూ పాట జరిగే షెడ్డు వైపు నడిచింది.

షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బళ్ళు అక్కడికి కనిపించవు. ముందే కట్టించుకున్న సొమ్ముకి గుర్తుగా చేతికొక అట్టముక్క ఇచ్చారు. అది ఎత్తితే పాట పాడినట్టు. ఒక అట్ట మీద ఒక్క బండే. పాట పెట్టేవాడు బల్ల వెనక నిలబడి మైకు దాదాపు నోట్లో పెట్టుకున్నాడు. లౌడ్‌స్పీకరు చిల్లుల డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మోగుతోంది.

"కొన్ని బళ్ళ కాగితాలు రాలేదు. అందుకని నంబర్లు వరసగా రావు, జాగ్రత్తగా వినండి!" అని మొదట్లోనే చెప్పాడు. ఆమెకి ఆ మాట గుండెలో దిగబడింది. నంబర్లు వరసగా రావు. ఎప్పుడైనా రావచ్చు. చెవులన్నీ అటే పెట్టి, అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన భర్త ఉన్నా, వినాల్సింది తనొక్కతే. రేపు కాక ఎల్లుండి అత్తగారు ఊపిరి పీల్చాలంటే తను వినాలి.

నాలుగైదు బళ్ళు పోయాయి. అట్టల కట్టే పట్టుకొచ్చిన నల్ల కళ్ళద్దాల వ్యాపారి గోళ్ళు కొరుక్కుంటూనే రెండు కొనేశాడు. తర్వాత మైకు గరగరలాడింది, కీచుమంది, ఆ కీచులోంచి మాట బయటికొచ్చింది.

"...రవై ఆరు!"

ఆమె లేచి నిలబడిపోయింది.

భర్త ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. అతని కళ్ళు పాట పెట్టేవాడి నోటి మీదే ఉన్నాయి. "ఇరవయ్యా?" అన్నాడు. "నాకు ఇరవై అన్నట్టు..."

"అరవై! మీ చెవులతో నన్ను చంపకండి," అంది ఆమె. గట్టిగానే అంది. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అతను చెయ్యి తీసేశాడు.

పాట మొదలైంది. మొదటి ధర వినగానే ఆమె చెవులని ఆమే నమ్మలేకపోయింది. అంత తక్కువా? అట్ట ఎత్తింది. ఎవడో ఇంకొకడు ఎత్తాడు. మళ్ళీ ఎత్తింది. నల్ల కళ్ళద్దాలు ఆమె వైపు ఒకసారి తిరిగి చూసి, పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. ఏడుపుగొట్టు వెధవ, ఓర్చుకోలేకపోతున్నాడు అనుకుంది. అవతలివాడు తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి! ఆ అమ్మగారికి!"

బల్ల చప్పుడైంది. ఆమె కూర్చుని భర్త చెయ్యి పట్టుకుంది. "వచ్చేసింది," అంది. ఇంతలో గుమాస్తా ఒకడు కాగితం, పెన్ను తెచ్చాడు. కిరాణా చీటీలో ఉప్పు పాకెట్టు దాకా సరిచూసుకునే మనిషి, తడి కళ్ళతో, చూపించిన చోటల్లా సంతకం పెట్టేసింది. గుమాస్తా కాగితం చింపి సగం ఆమె చేతిలో పెట్టాడు. ఆ సగం మీద ఒక రెండు, ఒక ఆరు.

ఆమె ఆ రెండు అంకె వైపు చూస్తూ ఉండిపోయింది. కాగితం తలకిందులుగా పట్టుకున్నానా అనుకుంది. కాగితం తిప్పి చూసింది. సరిగ్గా అప్పుడే లౌడ్‌స్పీకరు, ఎవరో గొంతు సవరించినట్టుగా, శుభ్రంగా, గంటలా పలికింది.

"అరవై ఆరు!"

అట్ట ఎత్తడానికి ఆమె చెయ్యి దానంతట అదే లేచింది. గుమాస్తా అట్ట ఎప్పుడో తీసేసుకున్నాడు. ఖాళీ చెయ్యి గాలిలో ఉండిపోయింది. నల్ల కళ్ళద్దాలు ఒకసారి, ఇంకెవరో ఒకసారి, మళ్ళీ నల్ల కళ్ళద్దాలు. బూడిదరంగు కారు, సీటు అంచు మీద ఎర్రముడి ఆగిన కారు, తాము ఇచ్చుకోగలిగిన ధరకంటే తక్కువకే నల్ల కళ్ళద్దాలకి పోయింది. వాడు దాని వైపు కూడా చూడకుండా గోరు కొరుక్కున్నాడు.

*

ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చున్న పెద్దమనిషి ఆమె చెప్పిందంతా విన్నాడు. కసురుకోలేదు. కసురుకుంటే బాగుండుననిపించింది.

"అమ్మా, మైకు బాగోలేదు, ఒప్పుకుంటా. రోజూ ఎవరో ఒకరు ఇరవైకి అరవై అనుకుంటూనే ఉంటారు. మీరు సంతకం పెట్టారుగా. రేపు మధ్యాహ్నంలోగా మిగతా కట్టి బండి తీసుకెళ్ళండి. వద్దంటే ముందు కట్టింది పోతుంది."

"సార్, ఇంట్లో ముసలావిడ. ఆవిడ ఆ వ్యానులో ఎక్కలేదు సార్. రేపే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కావాలంటే ఆ కారు కొన్నాయనతో మీరొక్క మాట..."

"ఆయన మీకిస్తాడమ్మా, రెట్టింపు ధరకి." అతను కాగితం ఆమె వైపు జరిపాడు. "ఉన్నది ఉన్నట్టు. మేమేం చెయ్యలేం."

ముందు కట్టింది పోతే ఇంకో వేలానికి వెళ్ళడానికి చేతిలో ఏమీ మిగలదు. కట్టి తీసుకుంటే ఇంటి ముందు రొట్టెల బండి మిగులుతుంది. ఎటు చూసినా గోడే. ఆమె బయటికొచ్చి, ఎవరూ చూడని చోట, ఎవరిదో లారీ చక్రానికి ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భర్త కాస్త దూరంలో నిలబడి వ్యాను బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. తాళాల మనిషి ఇంజను స్టార్ట్ చేశాడు. ఆమె వెళ్ళి జారుడు తలుపు లాగింది. ఏం చేస్తోందో తెలియకుండానే టేపు తీసి లోపలి ఎత్తు, వెడల్పు కొలిచింది. చేతులకి అలవాటు, అంతే.

బస్సులో భర్త కిటికీ పక్కన కూర్చున్నాడు. అతని పోయిన చెవి ఆమె వైపు ఉంది. "మీరు ఇరవై అన్నారు," అంది ఆమె. అతనికి వినిపించలేదు. ఇంకోసారి చెప్పే ధైర్యం రాలేదు. ఒక్క తిట్టు తిడితే బాగుండు. నేను చెప్పలేదూ అంటే బాగుండు. అతను తన సంచి ఆమె ఒళ్ళో పెట్టి, పైన చెయ్యి వేసి, బయటికి చూస్తూ కూర్చున్నాడు.

దిగాక మాత్రం, "అమ్మకి చెప్పొద్దు. పాట మనకి దక్కలేదని చెబుదాం," అన్నాడు.

*

అత్తగారు చీకటి పడకముందే తినేస్తారు. అందుకని ఆ ఇంట్లో అందరూ అప్పుడే తింటారు. కోడలు పొద్దున వార్చిన బంగాళాదుంప ముక్కలతో కూర చేసింది, ఉప్పు ఉందా లేదా అన్నట్టు వేసింది. అత్తగారి పక్కన ఆవిడ చిన్న గ్లాసు పెట్టింది. ఆవిడకి పూటకి ఆ గ్లాసుడే నీళ్ళు. దాన్ని ఆవిడ గుక్కగుక్కకీ మధ్య కబుర్లు చెప్పి సాగదీస్తారు. ఇవాళ కబుర్లు లేవు. ఊపిరి తీసుకోవడానికి మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నారు.

"పాట పాడావా?" అన్నారు.

"దక్కలేదు అత్తయ్యా. మనకంటే ఎక్కువ పాడారు."

"ఎక్కువ పాడితే నీ మొహం అలా ఉండదు. ఉక్రోషంగా ఉంటుంది. ఇది తప్పు చేసిన మొహం."

కందిరీగ అన్నం కలపడం ఆపింది. భర్త కంచంలోకి చూస్తున్నాడు. కోడలు గరిటె కింద పెట్టింది. అబద్ధం అక్కడే చచ్చింది. మొత్తం చెప్పేసింది. మైకు, సగం మింగిన మాట, భర్త మోచెయ్యి పట్టుకోవడం, తను అన్న మాట, కాగితం, ఆఖరికి రొట్టెల వ్యాను. చెబుతూ చెబుతూ, "నా చేతులారా నేనే అత్తయ్యా," అని ఆగిపోయింది.

అత్తగారు కంచం పక్కకి జరిపారు.

"నేనేమైనా రొట్టెనా?" అన్నారు అత్తగారు.

కందిరీగకి పొలమారింది. దగ్గూ నవ్వూ కలిసిపోయాయి. "కాదు నాన్నమ్మా, నువ్వు రస్కువి," అంది.

"నోర్ముయ్యి." అత్తగారు కోడలి వైపు తిరిగారు. "తలుపు ఎటు తెరుచుకుంటుంది?"

"పక్కకి. జారుతుంది."

"లోపల సీట్లు?"

"లేవు. వట్టి నేల."

"నా కుర్చీ పడుతుందా?"

కోడలికి వ్యానులో తను తీసిన కొలతలు కళ్ళ ముందుకి వచ్చాయి. కుర్చీ కొలత ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. "పడుతుంది," అంది మెల్లగా. "మీరు లేచి నిలబడితే తల తగలదు. ట్రేలు ఎక్కించే రేకు పలక ఉంది. అది వాలుగా వేస్తే మీరు నడిచే ఎక్కొచ్చు. నేను వెనక ఉంటాను. ఎవరూ మిమ్మల్ని లాగక్కర్లేదు."

"కుర్చీ కదిలితే?"

"బోల్టులు వేస్తారు మీ అబ్బాయి." ఆమె భర్త భుజం తట్టి, పెదవులు కనిపించేలా తిరిగి చెప్పింది. అతను తలెత్తి, ఒక క్షణం ఆలోచించి, "వేస్తాను. బెల్టు కూడా," అన్నాడు. "కానీ ఇంజను అంత బాగోలేదమ్మా. ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేను." అని మళ్ళీ కంచంలోకి వంగాడు.

అత్తగారు గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు. దించి, గ్లాసులో ఎంత మిగిలిందో చూసుకున్నారు.

"సరే. తెచ్చుకోండి," అన్నారు. "అది నడిచినన్నాళ్ళూ వస్తాను. గొణగను, ఒంట్లో బాగోలేదనను, నువ్వు నడిపితే కళ్ళు కూడా మూసుకోను. అది ఆగిపోయిన రోజున నేనూ మానేస్తాను. ఆ రోజు నన్నెవరూ బతిమాలకూడదు, ఏడవకూడదు, ఇంకో బండి తేకూడదు. ఒప్పుకుంటేనే."

కోడలు తన చేతుల వైపు చూసుకుంది. పొద్దున దుప్పటి మడత పెట్టి దిండు కింద దూర్చిన చేతులు. ఈ మాట ఆవిడ ఇవాళ అనుకున్నది కాదని, ఎప్పటినుంచో లోపల పెట్టుకుని ఎక్కడ దించాలో తెలియక మోస్తున్నారని అప్పుడు తెలిసింది. కాదంటే రేపు రారు. సరేనంటే, రేపు వస్తారు.

కందిరీగ నవ్వడం మానేసి నాన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

భర్తకి గదిలో ఏదో మారినట్టు తెలిసింది. కంచంలోంచి తలెత్తి ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు. "ఏమంది?" అన్నాడు భార్యతో. "ఏమంది అమ్మ?"

"వస్తారట," అంది కోడలు. "రేపు వస్తారట."

"అదొక్కటేనా నేనన్నది?" అన్నారు అత్తగారు. కోపంగా అనలేదు. "వాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పవే."

కోడలు కుర్చీ జరుపుకుని అతనికి ఎదురుగా కూర్చుంది. అతని కళ్ళు తన పెదవుల మీద నిలిచేదాకా ఆగింది. అప్పుడు, ఈసారి ఒక్క అక్షరం కూడా పోకుండా, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది.

"బండి తెచ్చుకుంటున్నాం. అది నడిచినన్నాళ్ళూ వస్తారు. ఆగిన రోజున మానేస్తారు. మనం ఒప్పుకుంటున్నాం."